తలుపులకు పట్టీలు అతికించే ముందు గ్రైండర్‌ను దూరం పెట్టండి

సాదా తలుపును తక్కువ ఖర్చుతో అందంగా మార్చుకోవచ్చని ఇప్పుడు చాలామందికి తెలిసింది. నున్నటి తలుపు మీద ఆరు మిల్లీమీటర్ల మందం పట్టీలను చట్రంలా అతికించి, సందులు పూడ్చి, రంగు వేస్తే అది పలకల తలుపులా కనిపిస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చేసుకోగల పని ఇది. చేసుకోవాలనే నా కోరిక కూడా. కానీ ఈ మధ్య మాకు తెలిసిన ఒక యువకుడు ఇదే పని చేస్తూ ఆసుపత్రి పాలయ్యాడు. పడకగది తలుపు కోసం పట్టీలు కోస్తుండగా చేతిలోని యంత్రం ఎగిరి ఎడమ మణికట్టును కోసేసింది. స్నాయువులు తెగాయి. శస్త్రచికిత్స అయింది, గాయం మానింది, కానీ రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవడం లేదు.

అతను కోసింది రంపంతో కాదు. ఇనుము కోసే చేతి గ్రైండర్‌కు కలప కోసే పళ్ల బ్లేడు బిగించి కోశాడు.

ఇలాంటి గాయాన్ని నేను చూడటం ఇది మొదటిసారి కాదు. పనివాళ్లలో చూశాను, సెలవురోజున సరదాగా పనికి దిగిన వాళ్లలో చూశాను. అందుకే ఇంత పట్టుగా రాస్తున్నాను. కళ్లద్దాలు పెట్టుకోవాలి, బ్లేడు మార్చే ముందు ప్లగ్ తీయాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

కోత

ఈ తప్పు ఎలా మొదలవుతుందో చూడండి. ఇంట్లో గ్రైండర్ ఉంటుంది. పది పట్టీల కోసం వేరే రంపం యంత్రం కొనడం దండగ అనిపిస్తుంది. పళ్ల బ్లేడు చౌకగా దొరుకుతుంది, దాని రంధ్రం గ్రైండర్ ఇరుసుకు చక్కగా సరిపోతుంది. సరిపోయింది కదా అని బిగిస్తారు. మొదటి నాలుగు కోతలు వెన్నలా సాగుతాయి. అక్కడే ధైర్యం వస్తుంది.

నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. కలప కోసే ఏడంగుళాల చేతి రంపం యంత్రం తిరిగేది దాదాపు అందులో సగం, 5,000 పైచిలుకు. గ్రైండర్ వేగంతో తిరిగే నాలుగంగుళాల బిళ్ళ అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. ఇనుము కోసే బిళ్ళకు పళ్లు ఉండవు, అది లోహాన్ని అరగదీస్తూ పోతుంది. పళ్ల బ్లేడు అలా కాదు, కలపను కొరుకుతుంది. కోత సందు కాస్త మూసుకున్నా, చెయ్యి ఒక్క పిసరు వంగినా ఆ పళ్లు కలపలో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న బ్లేడు ఆగిపోతుంది, మోటారు బలమంతా యంత్రాన్ని వెనక్కి విసురుతుంది. వెనక ఉన్నది మీరే.

కలప రంపం యంత్రానికి ఈ ప్రమాదాన్ని ఊహించే అమరికలు పెట్టారు. దాని అడుగున చదునైన ఇనుప పీట ఉంటుంది. అది కలప మీద ఆనుకుని ఉన్నంతసేపు బ్లేడు పక్కకు వంగదు. కలపలోంచి బయటకు రాగానే కింది కాపు స్ప్రింగుతో వచ్చి పళ్లను కప్పేస్తుంది. మీట వదిలితే మోటారుకు కరెంటు ఆగుతుంది. గ్రైండర్‌కు పీట లేదు, ముడుచుకునే కాపు లేదు. చాలా గ్రైండర్లలో స్విచ్చి ముందుకు జరిపితే అక్కడే బిగుసుకుంటుంది. అంటే అది మీ చేతిలోంచి ఎగిరిపోయాక కూడా తిరుగుతూనే ఉంటుంది, నేల మీద పడి మీ కాళ్ల వైపు దూకుతుంది.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. లోతుగా తెగాలని గ్రైండర్‌కు ఉండే కదలని కాపును కూడా తీసేసి ఏడంగుళాల బ్లేడు బిగించేవాళ్లను చూశాను. ప్రతి బ్లేడు మీద అది తట్టుకోగల గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. ఏడంగుళాల కలప బ్లేడు మీద ఉండే అంకె సాధారణంగా చిన్న గ్రైండర్ తిరిగే వేగం కన్నా తక్కువ. హద్దు దాటితే అంచున అతికించిన గట్టి లోహపు పళ్లు ఊడి ఎగరవచ్చు.

"నేను నెమ్మదిగా కోస్తాను" అంటారు. మీరు నెమ్మదిగా కదిపినా బ్లేడు నెమ్మదిగా తిరగదు. "సన్నపు పట్టీయే కదా" అంటారు. సన్నపు పట్టీతోనే ఎక్కువ భయం. ఆరు మిల్లీమీటర్ల పట్టీ బ్లేడు తగలగానే అదురుతుంది, పైకి లేస్తుంది, పళ్లు దాన్ని లాక్కుంటాయి. అది కదలకుండా ఎడమచేత్తో అదిమి పట్టుకుంటారు కాబట్టి చెయ్యి ఎప్పుడూ బ్లేడు పక్కనే ఉంటుంది. "మా మేస్త్రీ ఏళ్ల తరబడి అలాగే కోస్తున్నాడు" అంటారు. ఆయన చేతులు ఇంకా బాగున్నందుకు సంతోషించండి, ఆ పద్ధతి మాత్రం నేర్చుకోకండి.

గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించకండి. ఒక్క పట్టీ కోసమైనా బిగించకండి.

మరి ఎలా కోయాలి? ముందు తలుపులన్నీ కొలిచి, ఎంత వెడల్పు పట్టీలు ఎన్ని కావాలో కాగితం మీద రాసుకోండి. పట్టీలు తీసే షీటు కొనేచోట పెద్ద కోత యంత్రం ఉంటే పొడవు కోతలన్నీ అక్కడే వేయించండి. మీకు మిగిలేవి అడ్డకోతలు మాత్రమే. వాటికి సన్నపళ్ల చేతిరంపం చాలు. పట్టీని బల్లకు రెండుచోట్ల బిగించండి. మూలమట్టం ఆనించి పదునైన కత్తితో గీత గీయండి, పెన్సిల్‌తో కాదు. కత్తి గీత పైపొరను ముందే తెంచుతుంది కాబట్టి అంచు చిట్లదు. రంపాన్ని గీతకు పక్కన, వదిలేసే ముక్క వైపు ఆనించి, మొదటి రెండుసార్లు మీ వైపు మాత్రమే లాగండి. గాడి పడ్డాక బరువు వేయకుండా పోనివ్వండి. ఆరు మిల్లీమీటర్ల పట్టీ ఇట్టే తెగిపోతుంది. మూలల్లో 45 డిగ్రీల కోతలు కూడా అక్కర్లేదు. నిలువు పట్టీలను తలుపు పొడవునా ఉంచి, అడ్డపట్టీలను వాటి మధ్య బిగుతుగా కూర్చోబెడితే చదును పట్టీల తలుపుకు అదే అందం. ఇక గ్రైండర్‌తో పనేముంది?

తలుపు లోపల ఏముంది

పట్టీ కోసే ముందే తలుపును వేలిముడితో తట్టండి. మధ్యలో డొల్లగా, అంచుల్లో గట్టిగా మోగితే అది బోలు తలుపు. సందేహం ఉంటే తాళం ఊడదీసి ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. బోలు తలుపులో రెండువైపులా మూడు మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండే పలుచని పొర, మధ్యలో అట్టతో చేసిన గూళ్లు, చుట్టూ సన్నపు చెక్క చట్రం, తాళం దగ్గర ఒక చెక్కదిమ్మ ఉంటాయి. అంతే.

ఈ తలుపు మధ్యలో స్క్రూ బిగిస్తే దానికి పట్టు దొరకదు. పట్టీని నిలబెట్టేది జిగురే, చిన్న మేకులు జిగురు ఆరేదాకా కదలకుండా పట్టుకోవడానికి మాత్రమే. మెరిసే పాత రంగు మీద జిగురు నిలవదు. పట్టీ వచ్చే చోట గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, తుడిచి, అప్పుడు రాయండి. తలుపు నేలకు రాసుకుంటోందని కింద కోసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అడుగు చట్రం వెడల్పు చాలా తలుపుల్లో రెండు మూడు వేళ్లకు మించదు. అది దాటి కోస్తే తలుపు అడుగు తెరుచుకుంటుంది. కోసిన చట్రపు చెక్కను శుభ్రం చేసి మళ్లీ లోపలికి జిగురుతో బిగించాల్సి వస్తుంది.

బరువు లెక్క కూడా వేసుకోండి. 2 మీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తలుపుకు ఒకవైపు మొత్తం ఆరు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (కలప పీచును జిగురుతో అదిమి చేసిన) షీటు అతికిస్తే దాదాపు 7 కిలోలు పెరుగుతుంది, రెండువైపులా అయితే 14 కిలోలు. తేలికపాటి బోలు తలుపుకు ఇది దాని సొంత బరువంత. రెండే బందుల (తలుపు తిరిగే కీళ్ల) మీద వేలాడే తలుపుకు ఇది తగదు. అదే తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు చట్రంలా అతికిస్తే ఒకవైపు రెండు కిలోల పైచిలుకు మాత్రమే. పట్టీలే మేలు. అయినా బందుల స్క్రూలు వదులుగా ఉంటే ముందు వాటి సంగతి చూడండి, మధ్యలో మూడో బందు వేయించండి.

షీటు అతికించి తీరాలనుకుంటే రెండువైపులా అతికించండి. ఒకవైపే వేస్తే ఆ వైపు ఒకలా, రెండోవైపు ఇంకోలా తేమ పీల్చుకుని తలుపు వంగుతుంది. వంగిన తలుపును మళ్లీ సరిచేసే ఉపాయం నాకు కనబడలేదు.

తలుపు మందం పెరిగితే మూసినప్పుడు గుమ్మంలో అది ఆనే చెక్కకు తగులుతుంది, తాళం నాలుక గాడిలో పడదు. ఆ వైపు పట్టీని తలుపు అంచుదాకా తీసుకెళ్లకుండా, ఆ చెక్క వెడల్పు మేరకు లోపలికి ఆపండి. హ్యాండిల్ ఇరుసు, తాళం స్క్రూలు పొడవు చాలుతాయో లేదో అతికించక ముందే చూసుకోండి.

మిగతావి వరసగా చెబుతాను.

తలుపు దించేటప్పుడు అడుగున చెక్క ముక్కలు దూర్చి బరువు వాటి మీద ఆననివ్వండి, కింది బందు ముందు విప్పండి, పైది చివర. పైది ముందు విప్పితే తలుపు పైభాగం మీ మీదకు వాలుతుంది. ఎక్కించేటప్పుడు పైది ముందు. ఇద్దరు లేనిదే తలుపు దించకండి.

దించిన తలుపును గోడకు ఆనించి వదిలేయకండి. పసిపిల్ల పట్టుకుని లాగితే చాలు, పడుతుంది. పడుకోబెట్టండి.

గాజు పెట్టడానికి బోలు తలుపు మధ్య కోయకండి. గట్టి తలుపుకైనా మామూలు గాజు వద్దు. పగిలినా పదును లేని చిన్న ముక్కలయ్యే టెంపర్డ్ గాని, పొరల మధ్య అతుకున్న లామినేటెడ్ గాని పెట్టించండి.

మంటలను ఆపడానికి పెట్టిన తలుపును కోయకండి, రంధ్రం చేయకండి, దాని మీద ఏదీ అతికించకండి. పాత అగ్నినిరోధక తలుపుల లోపల ఆస్‌బెస్టాస్, అంటే పొడి పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే పీచు పదార్థం, ఉండే అవకాశం కూడా ఉంది.

పాత ఇంటి తలుపుల అడుగు పొరల్లో సీసం కలిసిన రంగు ఉండవచ్చు. దాన్ని పొడిగా రుద్దకండి, మంటతో కాల్చి గీకకండి. తడిపి రుద్దండి, గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. ఇంట్లో గర్భిణి గాని, చిన్నపిల్లలు గాని ఉంటే ఆ పనికి మీరు దిగకండి, తెలిసినవాళ్లకు అప్పగించండి. సీసానికి ఇంతవరకు ఫర్వాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

ఎండీఎఫ్ పొడి ముఖానికి గుడ్డ కట్టుకుంటే ఆగదు. కలప పొడినీ, ఎండీఎఫ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్‌నూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఎన్95 మాస్కు పెట్టుకోండి. వీలైతే ఆరుబయట రుద్దండి. పడకగదిలో రుద్దకండి.

తిరిగే బ్లేడు దగ్గర చేతి తొడుగులు వద్దు. చిక్కుకుంటే తొడుగుతోపాటు చెయ్యి లోపలికి పోతుంది.

ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు వాడుతుంటే పొయ్యి ఆపండి, అగరుబత్తి కూడా వద్దు. కిటికీలు తెరవండి.

గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించకండి. పక్కింటివాళ్లు బిగించి తెచ్చి ఇచ్చినా తీసుకోకండి.

ఉలిని మీ వైపు తోయకండి. బందుకు గాడి చెక్కేటప్పుడు ఎడమచెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలి.

తలుపు పై అంచుకు, అడుగు అంచుకు కూడా రంగు వేయండి. కనబడవని వదిలేస్తే తేమ అక్కడినుంచే ఎక్కుతుంది.

స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉంటే తలుపు కింద సందు మూయకండి, జాలీ ఉంటే పట్టీ వేసి కప్పకండి. గాలి ఆడక గ్యాస్ సరిగ్గా మండకపోతే ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది, దానికి వాసన లేదు. అసలు ఆ గీజర్ ఉండాల్సింది గది బయట.

లిన్‌సీడ్ (అవిసె గింజల) నూనె పూసి తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. ఒక్కొక్కటిగా పరిచి ఆరుబయట ఆరేయండి, లేదంటే నీళ్లు నింపిన మూత డబ్బాలో ముంచి ఉంచండి. ఆ పని ముగిసేదాకా నిద్రకు వెళ్లకండి.