కంపెనీ యాంప్లిఫయర్ ఉన్న కారులో కొత్త స్టీరియో పెట్టాలంటే

కారుతో వచ్చిన స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ స్క్రీనో, పయొనీర్, సోనీ లాంటి డెక్కో పెట్టించుకున్న చాలామందిది ఒకటే గోల. స్క్రీన్ వెలుగుతుంది, బ్లూటూత్ కలుస్తుంది, పాట నడుస్తున్నట్టే కనిపిస్తుంది, స్పీకర్లలో మాత్రం చప్పుడు ఉండదు. కొత్తది పాడైపోయిందనుకుని తిప్పి పంపే ముందు ఒక్కసారి ఆగండి. సీటు కిందో, డిక్కీ పక్క ప్యానెల్ వెనకో కంపెనీవాళ్లే విడిగా ఒక యాంప్లిఫయర్ పెట్టి ఉండొచ్చు, కొత్త స్టీరియో దాన్ని ఆన్ చెయ్యకపోతే స్పీకర్లు పలకవు.

స్పీకర్ జాలీ మీద బోస్, జేబీఎల్, హర్మన్ కార్డన్ అని ఉంటే యాంప్ ఉండే అవకాశం ఎక్కువే, కానీ పేరు చూసి తేల్చెయ్యకండి. మల్టీమీటర్ పెట్టి చూడండి. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి కొన్ని నిమిషాలు వదిలెయ్యండి. డ్యాష్‌బోర్డు లోపల పసుపు కప్లర్లు, పసుపు తొడుగున్న వైర్లు కనబడితే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని ముట్టుకోవద్దు, మీటరు అసలే పెట్టొద్దు. స్టీరియో వెనక కప్లర్ ఊడదీసి, మీటరును 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి, ముందు డోరు స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్ల మధ్య చూడండి. 2 నుంచి 8 ఓమ్‌ల లోపు చూపిస్తే ఆ వైర్లు నేరుగా స్పీకర్‌కే వెళ్తున్నాయి, యాంప్ లేదు, మీ పని తేలిక. రేంజి దాటిపోయినా, అసలేమీ చూపించకపోయినా మధ్యలో యాంప్ ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు అసలైన ప్రశ్న: ఆ యాంప్ ఎలాంటి సిగ్నల్ తీసుకుంటుంది? చాలామంది ఇది చూడకుండానే వైర్లు కలిపేస్తారు, అన్ని తిప్పలూ అక్కడే మొదలవుతాయి. పాత స్టీరియోని తిరిగి తగిలించి, బ్యాటరీ కలిపి, 60 హెర్ట్జ్ టోన్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి ప్లే చెయ్యండి. మామూలు మల్టీమీటర్ ఏసీ వోల్టేజీని ఆ ఫ్రీక్వెన్సీలో సరిగ్గా చూపిస్తుంది. మీటరును ఏసీ వోల్టుల మీదకి మార్చి, కప్లర్ వెనక వైపు నుంచి అవే రెండు స్పీకర్ వైర్లకి మీటరు మొనలు ఆనించి, సౌండ్ మెల్లగా పెంచుతూ చదవండి. బాగా పెంచినా ఒకటి రెండు వోల్టులు దాటకపోతే ఆ యాంప్‌కి లైన్ లెవెల్ సిగ్నల్ (ఇంకా పెంచని బలహీనమైన సిగ్నల్) కావాలి, అంటే కొత్త స్టీరియో వెనకుండే గుండ్రటి ఆర్‌సీఏ ఔట్ సాకెట్ల నుంచి ఇవ్వాలి. ఐదారు వోల్టులు దాటుతుంటే స్పీకర్ లెవెల్, అంటే మామూలు స్పీకర్ వైర్లే ఇవ్వాలి. లైన్ లెవెల్ యాంప్‌కి స్పీకర్ వైర్లు కలిపితే కొంచెం పెంచగానే పాట చీలిపోతుంది, స్పీకర్ లెవెల్ యాంప్‌కి ఆర్‌సీఏ ఇస్తే ఎంత పెంచినా నీరసంగానే ఉంటుంది.

సౌండ్ ఎంత తిప్పినా మీటరులో అంకె కదలకపోతే మాత్రం అక్కడే ఆగిపోండి. ఆ కారులో వాల్యూమ్‌ని యాంపే చూసుకుంటుంది, స్టీరియో దానికి ఆదేశాలు డేటా వైరు మీద పంపుతుంది. వైర్లు కలిపితే కుదిరే పని కాదది, కొత్త స్టీరియోకీ యాంప్‌కీ మధ్య ఆ ఆదేశాలు పంపే, ఆ మోడల్‌కి సరిపోయే ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ కావాలి. పీఏసీ కంపెనీ ఆంప్‌ప్రో, ఐడేటాలింక్ మాస్ట్రో లాంటివి ఇందుకే ఉన్నాయి, కాకపోతే మీ కారు వాళ్ల లిస్టులో ఉందో లేదో కొనేముందే చూసుకోండి. కొన్ని బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి కార్లలో అయితే ఆడియో మోస్ట్ అనే ఫైబర్ ఆప్టిక్ కేబుల్‌లో వెళ్తుంది, అక్కడ కలపడానికి రాగి వైరే ఉండదు.

మీది మామూలు యాంపే అని తేలితే వైరింగ్ పెద్ద కష్టం కాదు. పసుపు బ్యాటరీ, ఎరుపు తాళం తిప్పితే వచ్చే ఏసీసీ, నలుపు ఎర్తు. తెలుపు ముందు ఎడమ, గ్రే ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి, అదే రంగు మీద నల్ల చార ఉంటే నెగటివ్. పేరున్న బ్రాండ్లు ఈ రంగులే పాటిస్తాయి, చౌక ఆండ్రాయిడ్ స్క్రీన్లలో తేడాలుంటాయి కాబట్టి డబ్బా మీద అతికించిన స్టిక్కర్ చూసే కలపండి. ఇవి కొత్త స్టీరియో వైర్ల రంగులు, కారు వైర్ల రంగులు కంపెనీని బట్టి వేరేగా ఉంటాయి.

యాంప్‌ని ఆన్ చేసేది నీలం మీద తెల్ల చార ఉన్న వైరు. దాన్ని యాంప్ రిమోట్ వైరుకి కలపాలి. పక్కనే ఉత్త నీలం వైరు ఇంకోటి ఉంటుంది, అది యాంటెన్నాది, చాలా స్టీరియోల్లో రేడియో పెట్టినప్పుడే దానికి 12 వోల్టులు వస్తాయి. పొరపాటున దానికి కలిపితే ఎఫ్ఎం వస్తుంది, బ్లూటూత్‌కి మారగానే సౌండ్ ఆగిపోతుంది. ఈ లక్షణం కనబడితే ఇంకేదీ వెతక్కుండా ముందు ఆ వైరు మార్చండి.

ఆర్‌సీఏతో ఇస్తుంటే పిన్ మధ్య భాగం పాజిటివ్‌కి, చుట్టూ ఉన్న రింగు నెగటివ్‌కి. స్పీకర్ లెవెల్‌తో ఇస్తుంటే ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, స్పీకర్ నెగటివ్ అంటే ఎర్తు కాదు. ఇప్పటి స్టీరియోల్లో ప్లస్ వైరులోనూ, మైనస్ వైరులోనూ దాదాపు 6 వోల్టుల డీసీ ఉంటుంది. నాలుగు నెగటివ్‌లనూ కలిపేసినా, బాడీకి తగిలించినా లోపలి ఐసీ కాలిపోవచ్చు.

దయచేసి కారు ఒరిజినల్ కప్లర్ కత్తిరించొద్దు. కారు కప్లర్‌లో నేరుగా గుచ్చుకునే, మీ మోడల్‌కి సరిపోయే హార్నెస్ అడాప్టర్ కొని, అతుకులన్నీ బయట బల్ల మీదే క్రింప్ చేసో, టంకం వేసో, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి సిద్ధం చేసుకోండి. మెలేసి టేపు చుట్టిన జాయింటు మన ఎండలకి జిగురు కారి కొన్నాళ్లకి ఊడిపోతుంది, షాపులో చేయిస్తున్నా ఈ మాట ముందే చెప్పండి.

అన్నీ కలిపాక ప్యానెల్ బిగించకుండానే ఇంజన్ స్టార్ట్ చేసి, సౌండ్ తగ్గించి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కండి. ఇంజన్ వేగంతో పాటు కీచుమనే మోత పెరుగుతుంటే ముందు నల్ల వైరు ఎర్తు చూడండి, పెయింట్ లేని గట్టి బోల్టుకి మార్చండి. అయినా పోకపోతే ఆర్‌సీఏ మధ్యలో ఈ మోతని ఆపే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం పెట్టండి. తర్వాత బ్యాలెన్స్‌ని ఎడమకీ కుడికీ, ఫేడర్‌ని ముందుకీ వెనక్కీ తిప్పి ఏ స్పీకర్ ఎక్కడ పలుకుతుందో వినండి. మధ్యలో పెట్టినప్పుడు బేస్ పల్చగా ఉంటే ఏదో ఒక జతలో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి, ఆ జత మార్చి, మళ్లీ విని, అప్పుడు ప్యానెల్ బిగించండి.