డిగ్రీలో ప్రపంచ చరిత్ర: బట్టీ పట్టకుండా చదివే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో బీఏ చదివేవాళ్లను భారతదేశ చరిత్ర పెద్దగా ఇబ్బంది పెట్టదు. అశోకుడు, కాకతీయులు, గోల్కొండ ఇవన్నీ చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ పేర్లే. ప్రపంచ చరిత్ర పేపర్ దగ్గరే చిక్కొస్తుంది. మెటర్నిక్, రోబ్స్‌పియర్ అంటే నోరు తిరగదు, వియన్నా ఎక్కడుందో తెలియదు. పరీక్షలకు వారం ముందు జిరాక్స్ సెంటర్‌లో ఇంపార్టెంట్ క్వశ్చన్ల కట్ట కొనుక్కుని బట్టీ పట్టడం అలా మొదలవుతుంది. దానితో పాస్ కావచ్చు. కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే పెన్ను కదలదు. రేపు సివిల్స్ మెయిన్స్ రాయాలనుకుంటే జనరల్ స్టడీస్ మొదటి పేపర్‌లో 18వ శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్ర ఉంటుంది, అప్పుడు అంతా మళ్లీ మొదటికొస్తుంది.

ముందుగా మీ యూనివర్సిటీ సిలబస్ కాగితం తెచ్చుకోండి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ అయినా, పాలమూరు యూనివర్సిటీ అయినా మీరు చేరిన సంవత్సరానికి వర్తించే సిలబసే కావాలి. సీనియర్లు ఇచ్చే నోట్సు పాత సిలబస్‌ది కావచ్చు, యూనిట్లు అటూ ఇటూ మారిపోయి ఉంటాయి. పుస్తకాల విషయంలో ఆశ వద్దు. ఒకటి ప్రధాన పుస్తకం, ఇంకొకటి అనుమానాలు తీర్చుకోవడానికి. తెలుగు అకాడమీ పుస్తకం ఒకటి, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు రెండోది అయితే తెలుగు మీడియం వాళ్లకు చాలు. ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, నాజీయిజం లాంటి పాఠాలకు ముందు పాత తొమ్మిదో తరగతి ఎన్సీఈఆర్టీ పాఠం ఒకసారి చదవండి. స్కూలు పుస్తకమని చిన్నచూపు చూడొద్దు, కథ మొత్తం గంటలో కళ్ల ముందుకొస్తుంది. ఆ తర్వాత డిగ్రీ పుస్తకం తేలిగ్గా ఎక్కుతుంది.

కాలరేఖ

నాలుగు ఏ4 కాగితాలు అడ్డంగా టేపుతో అతికిస్తే దాదాపు 119 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. ఏడాదికి 2 మిల్లీమీటర్ల లెక్కన 1450 నుంచి 1950 వరకు 500 ఏళ్లు సరిగ్గా మీటరులో పడతాయి, రెండు చివర్లా కాస్త జాగా మిగులుతుంది. మూడు వరసలు గీయండి. పైన యూరప్, అమెరికా. మధ్యలో చైనా, జపాన్, ఒట్టోమన్ సామ్రాజ్యం. కింద మన దేశం, ముఖ్యంగా దక్కన్. చాలామంది కింది వరస వదిలేస్తారు. అసలు పని చేసేది అదే.

ఎందుకంటే కింద రాసినవి మీకు ముందే తెలుసు, పైనున్నవి వాటిని పట్టుకుని గుర్తుంటాయి. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నది 1687లో. ఆ మరుసటి ఏడే ఇంగ్లండులో రక్తరహిత విప్లవం. 1757 ప్లాసీని, 1756 నుంచి 1763 దాకా సాగిన సప్తవర్ష యుద్ధాన్ని వేర్వేరు పాఠాల్లో చదువుతాం, కాలరేఖ మీద మాత్రం ఒకే చోట పడతాయి. ఇంగ్లిష్ వాళ్లకు, ఫ్రెంచివాళ్లకు ప్రపంచమంతా నడిచిన ఒకే పోరులో అవి భాగాలు. 1799 మే నెలలో శ్రీరంగపట్నంలో టిప్పు మరణం, అదే ఏడాది నవంబరులో పారిస్‌లో నెపోలియన్ అధికారం చేజిక్కించుకోవడం. ఇలా నలభై యాభై సంఘటనలు రాస్తే చాలు. అంతకు మించితే కాగితం నిండిపోయి ఏదీ కనబడదు.

1789 నుంచి 1815 వరకు ఉన్న భాగం ఈ కొలతలో 5 సెంటీమీటర్లే వస్తుంది, అక్కడ అక్షరాల మీద అక్షరాలు పడతాయి. దానికి వేరే కాగితం పెట్టి ఏడాదికి ఒక సెంటీమీటరు ఇవ్వండి. 1914-1919కీ అంతే.

పటాలు

స్టేషనరీ షాపులో దొరికే ఔట్‌లైన్ మ్యాపులు ఇప్పటి సరిహద్దులతో ఉంటాయి. అందులో 1815 నాటి జర్మనీకి రంగు వేయబోతే తప్పే, ఎందుకంటే అప్పుడు జర్మనీ అనే ఒకే దేశం లేదు. నెపోలియన్ ఓటమి తర్వాత యూరప్ సరిహద్దులు తేల్చిన వియన్నా కాంగ్రెస్ మిగిల్చింది 39 రాజ్యాల సమాఖ్యను. ఇటలీ ముక్కలుముక్కలుగా ఉండేది. స్వతంత్ర దేశంగా పోలెండ్ 1795 నుంచి 1918 దాకా పటంలోనే లేదు. అందుకే 1815, 1914, 1919 తర్వాత అని మూడు పటాలు పాఠ్యపుస్తకం చూసి మీరే గీసుకోండి. ఊళ్లు ఇరవై సరిపోతాయి. పారిస్, వియన్నా, బెర్లిన్, సరయేవో, కాన్‌స్టాంటినోపుల్, మాంచెస్టర్ లాంటివి తప్పకుండా ఉండాలి.

కారణాలను గొలుసుగా రాయడం

గైడ్లలో ఏ విప్లవానికైనా ఒకటే అచ్చు: రాజకీయ కారణాలు, ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలు, మేధావుల ప్రభావం. శీర్షికలు అలాగే ఉంచి పేర్లు మారిస్తే అమెరికాకూ సరిపోతుంది, రష్యాకూ సరిపోతుంది. దిద్దేవాళ్లకు ఇది చూడగానే తెలిసిపోతుంది. ఈ పద్ధతిలో పెద్ద లోపం, ఏది ముందు, దేని వల్ల ఏది అన్నది మాయమవడం. అంతకు ముందూ రాజులు జల్సాలు చేశారు, పన్నులూ వేశారు. మరి 1789లోనే ఎందుకు?

ఫ్రాన్స్‌ను ఇలా రాసి చూడండి. ఇంగ్లండు మీద కక్షతో ఫ్రాన్స్ అమెరికా వలసల స్వాతంత్ర్య యుద్ధంలో దిగింది. దాంతో అప్పులు పెరిగాయి. 1788 నాటికి ఖజానా ఖర్చులో సగం దాకా అప్పుల చెల్లింపులకే పోయేది. పన్ను వేయాలంటే పన్ను కట్టని ప్రభువర్గం మీద వేయాలి, 1787లో పిలిపించిన ప్రముఖుల సభ అందుకు ఒప్పుకోలేదు. గత్యంతరం లేక 16వ లూయీ 1614 తర్వాత ఎప్పుడూ కూడని, మూడు వర్గాల (ఎస్టేట్ల) ప్రతినిధులుండే ఎస్టేట్స్ జనరల్‌ను 1789 మే 5న సమావేశపరిచాడు. అక్కడ తగాదా వచ్చింది ఓటు లెక్క మీద. ఎస్టేట్‌కు ఒక ఓటు అయితే మతగురువులు, ప్రభువులు కలిసి రెండు, సామాన్యులు ఎంతమంది ఉన్నా ఒకటే. జూన్ 17న మూడో ఎస్టేట్ తనను తాను జాతీయ సభగా ప్రకటించుకుంది, 20న రాజ్యాంగం రాసేదాకా విడిపోబోమని టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞ చేసింది. మరోవైపు 1788 జూలైలో వడగండ్లు పంటను తుడిచిపెట్టాయి. మరుసటి వేసవికి పారిస్‌లో రొట్టె ధర కూలివాడికి అందకుండా పోయింది. జూలై 14న బాస్టిల్ కోట జైలు మీద జనం పడ్డది ఖైదీల కోసమని చాలామంది రాస్తారు. లోపల ఉన్నది ఏడుగురే, జనానికి కావలసింది తుపాకీ మందు. ఆ తర్వాత పల్లెల్లో రైతులు తిరగబడితే భయపడ్డ సభ ఆగస్టు 4 రాత్రి భూస్వామ్య హక్కులు రద్దు చేసింది.

ఇందులో ఒక్కో వాక్యం ముందు వాక్యానికి ముడిపడి ఉంది. రూసో, వోల్టేర్ లాంటి మేధావులకు కూడా చోటుంది, కానీ వాళ్ల రచనలు ఖజానాను ఖాళీ చేయలేదు. సంక్షోభం వచ్చాక ఏం కోరాలో చెప్పే మాటలిచ్చాయి. ప్రతి యూనిట్‌కూ ఇలాంటి గొలుసు ఒకటి ఒక పేజీలో రాసుకుంటే నోట్సు అయిపోయినట్టే.

గొలుసు తప్పు లంకెతో మొదలయ్యే ప్రమాదమూ ఉంది. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్నారు, దారులు మూసుకుపోయాయి, అందుకే భౌగోళిక అన్వేషణలు మొదలయ్యాయి అని గైడ్లు రాస్తాయి. పోర్చుగీసు వాళ్లు ఉత్తర ఆఫ్రికాలోని స్యూటాను పట్టుకున్నది 1415లో, ఆ తర్వాత పశ్చిమ తీరం వెంట దిగుతూనే ఉన్నారు. 1453 ఒక కారణమే, మొదలు మాత్రం కాదు. ఈ ఒక్క మాట రాస్తే మీ జవాబు కట్టలోంచి వేరుపడుతుంది.

మన జిల్లా ఉదాహరణలు

కొలంబస్ తర్వాత పంటలు సముద్రాలు దాటిన ముచ్చట చదివేటప్పుడు పాలమూరు పొలాలు గుర్తుచేసుకోండి. పల్లి, మక్క, మిరప, చివరికి బాలానగర్ సీతాఫలం, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1492కు ముందు ఇక్కడి కారంలో మిరపకాయ లేదు. జొన్న మాత్రం అంతకు చాలా ముందే ఆఫ్రికా నుంచి వచ్చింది.

ప్రాచీన ప్రపంచం సిలబస్‌లో ఉంటే రోమ్ వ్యాపారానికి నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమ్ చక్రవర్తులు ఆగస్టస్, టైబీరియస్ కాలపు వెండి నాణేలు మంచి ఉదాహరణ. అమెరికా అంతర్యుద్ధం వస్తే 1861-65లో అక్కడి పత్తి ఆగిపోయి ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మన పత్తి మీద పడ్డ సంగతి రాయండి. ఐక్యరాజ్యసమితి పాఠానికి 1948లో హైదరాబాద్ సంస్థానం భద్రతామండలికి ఇచ్చిన ఫిర్యాదు ఉంది.

భూస్వామ్యం దగ్గర మాత్రం జాగ్రత్త. దొర, గడీ, వెట్టి అనగానే యూరప్ ఫ్యూడలిజంతో సమానం చేసేయాలనిపిస్తుంది. యూరప్‌లో ప్రభువుకు భూమి దక్కింది సైనిక సేవకు బదులుగా, సెర్ఫ్ అనే కట్టుబానిస రైతు ఆ భూమికే కట్టుబడి ఉండేవాడు. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖ్‌ది మొదట పన్ను వసూలు హోదా, దాన్ని అడ్డం పెట్టుకుని భూములు కూడబెట్టారు. పోలిక రెండు వాక్యాల్లో చెప్పి, తేడా ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది.

మార్కులు పోయే చోట్లు

ప్రష్యాలో ఒక అక్షరం ఎగిరిపోతే బిస్మార్క్ రష్యా మంత్రి అయిపోతాడు. ఆస్ట్రియా, ఆస్ట్రేలియా తారుమారు కావడం కూడా మామూలే. తెలుగు పుస్తకాల్లో ఒకే పేరును ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కాబట్టి చిన్న నోటుబుక్‌లో తెలుగు పేరు, పక్కన ఇంగ్లిష్ స్పెల్లింగ్, మనిషైతే దేశం రాసుకోండి.

పారిస్ సంధి అని ఒట్టిగా రాయొద్దు. 1763, 1783, 1856 మూడూ పారిస్ సంధులే, సంవత్సరం తప్పనిసరి. 18వ శతాబ్దం అంటే 1701 నుంచి 1800, 1800ల కాలం కాదు. రష్యా అక్టోబరు విప్లవం నవంబరు 7న జరిగిందని చూసి తికమక పడొద్దు. అప్పటి రష్యా పాత క్యాలెండరు 13 రోజులు వెనక ఉండేది, దాని ప్రకారం అది అక్టోబరు 25. ఫిబ్రవరి విప్లవం మార్చిలో రావడానికీ అదే కారణం.

పెద్ద ప్రశ్నకు అరగంట ఉంటే మొదటి నాలుగు నిమిషాలు గొలుసును చివరి పేజీలో ముక్కలుగా రాసుకుని, దాని మీద ఒక అడ్డగీత కొట్టి మొదలుపెట్టండి. ఉపోద్ఘాతం మూడు వాక్యాలు దాటొద్దు. జవాబు మొత్తానికి ఆరేడు తేదీలు చాలు. తేదీ గట్టిగా గుర్తులేకపోతే 1790ల్లో అనో, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అనో రాయడం మేలు. ప్రశ్నలో ‘ఫలితాలు’ అని ఉంటే కారణాలకు నాలుగు వాక్యాలు మించి ఖర్చు పెట్టొద్దు. తెలిసినదంతా రాసి అడిగిందానికి జాగా లేకుండా చేసుకునేది ఎక్కువగా ఇక్కడే. వారానికి ఒక పాత ప్రశ్న గడియారం పెట్టుకుని చేత్తో రాసి, పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో మీరే దిద్దుకోండి. గొలుసులో ఏ లంకె జారిపోయిందో అప్పుడు తెలుస్తుంది, మరుసటి వారం ఆ పేజీతోనే మొదలుపెట్టొచ్చు.