ఎండాకాలం బీరపాదు: బకెట్టు ఎత్తే ముందు తీగ కొస చూడండి

మధ్యాహ్నం రెండింటికి బీరాకులు వాలాయని నీళ్లు పట్టుకుని పరుగెత్తకండి. ఆ వేళలో ఆకులనుంచి ఆవిరయ్యే నీటిని వేళ్లు భర్తీ చేయలేవు, అందుకే తడిమట్టిలో ఉన్న పాదు కూడా తల వేలాడేస్తుంది. సాయంత్రానికి తేరుకుంటే దిగులు లేదు. తెల్లవారాక కూడా వాలే ఉంటే మట్టిలో రెండంగుళాల లోతుకు వేలు పెట్టండి. పొడిగా ఉంటే దాహమే. తడిగా ఉండి కూడా వాలిందంటే వేరు కుళ్లు అయ్యుండొచ్చు. నీళ్లు ఆపి, కుండీ అడుగు రంధ్రాలు పూడుకుపోయాయేమో చూడండి.

ఆకుకన్నా ముందే కొస చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న నులితీగ లేతగా సాగి, తాడు తగలగానే చుట్టుకోవడం మొదలెడుతుంది. నీరు చాలకపోతే గణుపులు దగ్గరపడతాయి, కొసాకులు చిన్నవవుతాయి, నులితీగ పొట్టిగానే ఎండిపోతుంది. గణుపుల మధ్య దూరం బాగా పెరిగి కాడ సన్నగా పాలిపోతే మాత్రం నీడ ఎక్కువైనట్టు. నులితీగ కొస ఒక్కటే మాడితే పందిరి ఇనుపతీగను పట్టుకుని చూడండి. మే ఎండలో మన చేయే నిలవదు, అదెలా నిలుస్తుంది? దానిమీద కొబ్బరితాడు చుట్టండి.

మేడమీద ఇరవై లీటర్ల సంచిలో కాపుకొచ్చిన పాదుకు నడివేసవిలో రోజుకు మూడు నాలుగు లీటర్లు పడుతుంది. సగం పొద్దున్నే, సగం ఎండ తగ్గాక పోయండి. పాదు మొదలు చుట్టూ రెండంగుళాల మందాన ఎండుటాకులో వేరుశనగ పొట్టో పరచండి, కాండానికి మాత్రం ఆనకుండా. పదకొండు నుంచి నాలుగు వరకు షేడ్ నెట్ చాలు. రోజంతా ఉంచితే పైన చెప్పిన నీడ తీగే తయారవుతుంది.

ఎక్కువమంది మొర పూత గురించే: "పూలన్నీ రాలిపోతున్నాయి, పిందె లేదు." వేడి, పొడవైన పగళ్లు తీగకూరల్లో మగపూలను పెంచుతాయి, యూరియా ఎక్కువైతే ఆకు పెరిగి ఇది ఇంకా ముదురుతుంది. విరుగుడు ముందే వేయాలి: రెండు నుంచి నాలుగాకుల దశలో లీటరు నీటికి మూడు నాలుగు గ్రాముల బోరాక్స్ (వెలిగారం) కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయి. పాదు పందిరెక్కాక చల్లితే ఆ ఫలితం ఆశించకండి.

పిందె పసుపెక్కి రాలుతుంటే పరాగం అందలేదేమో చూడాలి. నలభై డిగ్రీలు దాటితే పుప్పొడికి సత్తువ తగ్గుతుంది, తేనెటీగలూ తగ్గుతాయి. బీర పూసేది సాయంత్రం. అయిదు, ఏడు మధ్య అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేసి, అడుగున బుల్లి కాయ ఉన్న ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది. కాకరకైతే ఇదే పని పొద్దున్నే.

బూడిద తెగులు కనిపించిందని గంధకం మందు చల్లొద్దు. అసలే వడలిన తీగజాతి ఆకులు దాంతో మాడిపోతాయి.

నీటి ఎద్దడిలో కాసిన కాయ చేదెక్కవచ్చు. కూర తరిగేముందు చిన్న ముక్క నాలుకకు తగిలించండి. చేదుంటే ఉమ్మేసి కాయంతా పారేయండి, వండినా ఆ చేదు పోదు. చేదు సొరకాయ రసమైతే అసలు తాగొద్దు: వాంతులు, రక్త విరేచనాలతో ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.