చైనా వసంత పండుగకి కాగితం పనులు – 3: మడతలో ‘చున్’

పోయిన పాఠంలో చేసిన ఎర్ర లాంతర్లు ఈపాటికి మీ గుమ్మానికి వేలాడుతూ ఉండాలి. ఈసారి కత్తెర పని కాస్త పెరుగుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలు చాలావరకు సొంతంగా చేసేస్తారు. అంతకన్నా చిన్నవాళ్లయితే గీసే పని వాళ్లకిచ్చి కత్తెర మీరు తీసుకోండి.

చైనాలో కొత్త సంవత్సరం పండుగ పేరు ‘చున్‌జియే’. చున్ అంటే వసంతం, జియే అంటే పండుగ. మన ఉగాదిలాగే అదీ చంద్రుడి లెక్కతోనే వస్తుంది, కాకపోతే జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య. అప్పటికి ఉత్తర చైనాలో గడ్డకట్టే చలి. ఆ చలిలోనే వసంతాన్ని ఇంటికి పిలుస్తారు. పల్లెల్లో ఒకప్పుడు కిటికీలకి అద్దాలు ఉండేవి కావు, కాగితం అంటించేవారు. పండుగ ముందు పాత కాగితం తీసేసి కొత్తది వేసి, దాని మీద ఎర్ర కాగితంతో కత్తిరించిన పూలు, చేపలు, పిట్టలు అతికించేవారు. వాటినే ‘చువాంగ్ హువా’ అంటారు, అంటే కిటికీ పూలు. ఇప్పుడు అద్దాలు వచ్చాయి, పూలు మాత్రం పోలేదు. చైనా కాగితపు కత్తిరింపు కళని 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

మనం ఈరోజు కత్తిరించబోయేది ‘చున్’ అనే అక్షరం. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ‘ఫూ’ అనే అక్షరం (శుభం, భాగ్యం అని అర్థం) పిల్లలకి మొదట ఇవ్వకండి. దాని ఎడమ సగం ఒకలా, కుడి సగం ఇంకోలా ఉంటుంది, మడతలో రాదు. చున్ అలా కాదు. మధ్యలో అద్దం పెట్టినట్టు రెండు వైపులా ఒకటే. సగం గీస్తే చాలు, మిగతా సగం మడత ఇస్తుంది. వాయవ్య చైనాలో షిన్‌జియాంగ్‌లోని తుర్ఫాన్ దగ్గర సమాధుల్లో దొరికిన, దాదాపు 1,500 ఏళ్ల నాటి గుండ్రటి కాగితపు కత్తిరింపులు కూడా ఇలా మడతపెట్టి చేసినవే. మీ పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి, మడత పెట్టేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి!

కాగితం పలచగా ఉండాలి. పతంగి కాగితం బాగుంటుంది, గ్లేజు కాగితం కూడా సరే. చార్టు వద్దు, పిల్లల చెయ్యి నొప్పి పెడుతుంది. రంగు ఎరుపే. పండుగ పూట తెల్ల కాగితంతో మాత్రం చేయకండి, అక్కడ తెలుపు చావు ఇంటి రంగు.

15 సెం.మీ. చదరం ముక్క తీసుకుని నిలువుగా సగానికి మడవండి. మడత ఎడమచేతి వైపు ఉండాలి. గీయబోయే ముందు మడత పొడవునా నల్ల క్రేయాన్‌తో ఒక గీత గీయించండి. ఇది నాకు మా కింది అంతస్తు చైనీస్ ఆంటీ నేర్పింది. మేం సింగపూర్‌లో ఉంటాం. మా చిన్నది మొదటిసారి చేసినప్పుడు ఉత్సాహంగా మడత వైపు నుంచి కత్తిరించుకుంటూ పోయింది. విప్పితే చేతిలో రెండు ముక్కలు. పెదవి వణికింది, ఏడుపు ఒక్కటే తక్కువ. ఆంటీ ఏమీ అనకుండా ఇంకో కాగితం మడిచి, నల్ల క్రేయాన్ అడిగి తీసుకుని, మడత వెంట మందంగా గీసి ఇచ్చింది. ఆ గీత ఉంటే పిల్లలు మడత జోలికి పోరు.

ఇప్పుడు అక్షరం గీద్దాం. మడతని ఆనుకుని పై నుంచి 9 సెం.మీ. దాకా, అర సెంటీమీటరు వెడల్పున ఒక వెన్నెముక. పైఅంచు నుంచి ఒక సెంటీమీటరు వదిలి, వెన్నెముక నుంచి కుడివైపుకి మూడు అడ్డగీతలు. ఒక్కో గీత మందం ఒక సెంటీమీటరు, గీతకీ గీతకీ మధ్య ఖాళీ కూడా అంతే. పై రెండూ మడత నుంచి 4 సెం.మీ. పొడవు, మూడోది 6. మూడో గీత కింద వెన్నెముక దగ్గర మొదలై, కుడి అంచు వైపు వాలుగా జారే ఒక కాలు. విప్పితే రెండు కాళ్లవుతాయి. అడుగున మిగిలిన 6 సెం.మీ.లో మడత నుంచి రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుతో పెట్టె, అందులో మడతని ఆనుకుని ఒకదాని కింద ఒకటి రెండు చిన్న కిటికీలు. ఒక్కోటి ఒకటిన్నర సెంటీమీటర్ల చదరం. చుట్టూ, మధ్యలో ఒక సెంటీమీటరు పట్టీ మిగలాలి. అక్షరంలో ఆ పెట్టె సూర్యుడు.

కత్తెర ఇచ్చే ముందు ఇంకొక్క పని. ఏది మిగలాలో దాన్నంతా పెన్సిల్‌తో నింపమనండి. పిల్లల చూపు ఎప్పుడూ కత్తిరించే గీత మీదే ఉంటుంది. ఈ కళలో చూసుకోవాల్సింది మిగిలే కాగితాన్ని. ఒక్క పట్టీ తెగినా మొత్తం ఊడిపోతుంది. నింపిన భాగం అంతా ఒకదానికొకటి అంటుకునే ఉందా అని వేలితో దారి పట్టి చూడమనండి, పై గీత నుంచి సూర్యుడి దాకా వేలు ఎత్తకుండా వెళ్లగలగాలి.

ముందు లోపలి కిటికీలు, తర్వాతే బయటి అంచులు. అంచులు ముందు పోతే కాగితం పట్టుకోవడానికి చోటుండదు. మడత మీద కత్తెర పెట్టేది ఆ రెండు కిటికీల దగ్గరే. అక్కడ మాత్రం నల్ల గీతని దాటి కత్తిరించాలని మీరే చూపించండి. కత్తెర చెయ్యి కదలకూడదు, ఎడమచేత్తో కాగితాన్నే తిప్పాలి. పిల్లలకి ఇదే కష్టం, మొదట్లో కాగితంతోపాటు వాళ్లూ తిరిగిపోతుంటారు. మోచెయ్యి బల్లకి ఆనించమంటే రెండు మూడు ప్రయత్నాల్లో సర్దుకుంటుంది.

విప్పేటప్పుడు తొందరపడనివ్వకండి. గోటితో మడతని మెల్లగా సాపు చేసి, పుస్తకం మధ్య పది నిమిషాలు పెట్టండి. క్రేయాన్ వేసిన వైపు గోడకి ఉండాలి.

అతికించడానికి మైదా జిగురు చాలు. మన ఊళ్లలో గోడ పోస్టర్లకి కాచేదే. చైనాలోనూ పండుగ కాగితాలకి పిండి ఉడికించిన జిగురే పాత అలవాటు. రెండు చెంచాల మైదా అర గ్లాసు నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడే దాకా తిప్పండి. పలచటి కాగితం తడికి చిరుగుతుంది కాబట్టి గీతల చివర్లలో చుక్కలు పెడితే సరి.

కిటికీల నుంచి రాలిన ఎర్ర ముక్కలు ఒక డబ్బాలో దాచండి. వచ్చే పాఠంలో చేప చేస్తాం. చైనా భాషలో ‘యూ’ అంటే చేప, అదే పలుకుకి ‘మిగులు’ అనే అర్థమూ ఉంది. ఆ చేప పొలుసులకి ఈ ముక్కలే కావాలి.