మెదడు కణాల లెక్క – 4వ పాఠం: జంట చీలిక, వాటా చీలిక

పోయిన పాఠంలో రేడియల్ గ్లియా కణం (పిండం మెదడులో న్యూరాన్లని, అంటే నాడీకణాల్ని, పుట్టించే తల్లికణం) బొమ్మ గీయమన్నాను, ఆ కాగితం బయటికి తీయండి. కింద వెంట్రికిల్, అంటే మెదడు లోపల ద్రవం నిండిన గది, దాని గట్టున కణం, అక్కణ్ణుంచి మెదడు పైపొర దాకా సాగిన సన్నటి పోగు. ఇందులో కేంద్రకం ఒకచోట కుదురుగా ఉండదు. పైకెళ్లి డీఎన్ఏకి నకలు తీసుకుని, చీలాల్సిన వేళకి మళ్లీ వెంట్రికిల్ అంచుకి దిగొస్తుంది, అచ్చం నూతిలో చేదలాగే. అంచున గుండ్రంగా కనిపించేవి వేరే జాతి కణాలని 19వ శతాబ్దంలో పొరబడ్డారు. కాదు, అదే కణం కిందికీ పైకీ తిరుగుతోందని 1935లో సావర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. స్లైడ్ మొదటిసారి చూసినప్పుడు నేనూ పొరబడ్డాను, కాబట్టి మీరేం టెన్షన్ పడకండి.

ఇక లెక్క. తల్లికణం చీలి రెండు తల్లికణాలైతే జంట చీలిక అందాం. ఒకటి తల్లిగానే మిగిలి, రెండోది న్యూరాన్ అయితే వాటా చీలిక. (పేర్లు నేను పెట్టుకున్నవే, పుస్తకాల్లో సౌష్ఠవ, అసౌష్ఠవ విభజన అని ఉంటుంది.) న్యూరాన్ అయ్యాక ఇక చీలదు.

ఒక్క కణం, ఆరు రౌండ్లు. మొదటిది జంట, మిగతా ఐదూ వాటా అనుకోండి: తల్లులు 2, ఒక్కోదానికి 5 చొప్పున 10 న్యూరాన్లు. అదే మూడు జంట, మూడు వాటా వేస్తే 8 × 3 = 24. రౌండ్లు అవే ఆరు, మారింది వాటాకి దిగిన వేళ ఒక్కటే! అలాగని జంట చీలికలే వేసుకుంటూ పోతే 64 మంది తల్లులుంటారు గానీ ఒక్క న్యూరానూ ఉండదు.

చిట్టెలుక కార్టెక్స్‌లో (మెదడు పైభాగంలో) దాదాపు 6 రోజుల్లో 11 రౌండ్లు నడుస్తాయి, కాకపోతే అక్కడ గంట కొట్టినట్టు అన్ని కణాలూ ఒకేసారి మారవు, వాటా చీలికల పాలు మెల్లమెల్లగా పెరుగుతుంది. పైగా చాలాసార్లు వాటాకొచ్చిన పిల్లకణం నేరుగా న్యూరాన్ కాదు. కాస్త పైకి జరిగి, తనూ ఒకసారి చీలి, రెండు న్యూరాన్లవుతుంది. దీన్నే మధ్యంతర కణం అంటారు. ప్రతిసారీ ఇలాగే జరిగితే మన 24 కాస్తా 48.

ఇంటిపని: ఏడు రౌండ్లు, మొదటి నాలుగు జంట, మిగతావి వాటా, ప్రతి వాటాలోనూ మధ్యంతర కణం. న్యూరాన్లు ఎన్ని? చివర్లో మిగిలిన తల్లికణాల్ని న్యూరాన్లలో కలిపేయకండి, అందరూ బోల్తాపడేది అక్కడే. 96 వస్తే 5వ పాఠానికి రండి, రాకపోతే చెట్టుబొమ్మ వేసి ఒక్కో కొమ్మా లెక్కపెట్టండి.