టై కొనడం, కట్టడం, విప్పడం

టై కొనేటప్పుడు రంగూ డిజైనూ చూశాక, ఒకసారి వెనక్కి తిప్పండి. కుట్టు ముగిసే చోట చిన్న దారం ఉచ్చులా బయటికి కనిపించిందంటే మంచి కుట్టుపని అన్నమాట. టై పొడవునా వదులుగా నడిచే కుట్టుకి మిగులుగా వదిలిన దారం అది. ముడి బిగించినప్పుడు గుడ్డ సాగి మళ్లీ సర్దుకోవడానికి ఆ మిగులే ఆధారం. పోగు లేచిందనుకుని దానికి కత్తెర పెట్టేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

తర్వాత సన్న కొన పట్టుకుని వేలాడదీయండి. మెలి తిరక్కుండా నిలిస్తే కటింగ్ బాగున్నట్టే. 1920లలో న్యూయార్క్‌కి చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్, గుడ్డను నేతకి 45 డిగ్రీల ఏటవాలుగా, దర్జీల మాటలో క్రాస్‌గా కత్తిరించి, మూడు ముక్కలు కలిపి కుట్టే పద్ధతి తెచ్చాడు. విప్పాక టై మళ్లీ తిన్నగా అయ్యేది ఆ క్రాస్ కటింగ్ పుణ్యమే. వెడల్పు సంగతికొస్తే 1970లలో చేటంత టైలు నడిచాయి, 1960ల మొదట్లో సన్నటివి. 8 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉన్నది ఎప్పుడూ ఎబ్బెట్టుగా కనిపించదు.

ఇక ముడి. కేంబ్రిడ్జ్‌లో థామస్ ఫింక్, యోంగ్ మావ్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి, టైని 85 రకాలుగా కట్టొచ్చని 1999లో తేల్చారు. నన్నడిగితే ఒక్కటి చాలు: ఫోర్-ఇన్-హ్యాండ్. చొక్కా పై గుండీ పెట్టి, కాలర్ ఎత్తండి. వెడల్పు కొన కుడివైపు, బాగా కిందికి ఉండాలి. దాన్ని సన్న కొన మీదుగా ఎడమకి తేండి, కిందుగా కుడికి పోనివ్వండి, మళ్లీ మీదుగా ఎడమకి. ఇప్పుడు మెడ దగ్గరి సందులోంచి కింద నుంచి పైకి తీసి, ముందు ఏర్పడిన చుట్టులోంచి కిందికి దించండి. బిగించేముందు ముడి కిందే గుడ్డని చూపుడువేలితో లోపలికి నొక్కి, రెండు పక్కలా బొటనవేలూ మధ్యవేలూ ఆనించి, అలాగే పట్టుకుని లాగండి. బుగ్గ మీద సొట్ట పడ్డట్టు పడుతుంది. టై అందమంతా ఆ సొట్టలోనే ఉంది. కొన బెల్టు బకిల్‌ని తాకితే పొడవు సరిపోయినట్టు.

ఈ ముడి కొంచెం ఒక పక్కకి ఒరుగుతుంది. ఒరగనివ్వండి. రెండు పక్కలా సమానంగా, లావుగా ఉండే విండ్సర్ ముడికి ఎవరి పేరు పెట్టారో ఆ డ్యూక్ ఆఫ్ విండ్సరే, అంటే బ్రిటన్ మాజీ రాజు ఎనిమిదో ఎడ్వర్డే, ఆ ముడి వేసేవాడు కాదు. లోపల మందపాటి గుడ్డ పెట్టించిన టైలు కుట్టించుకుని మామూలు ముడే వేసేవాడు. మరీ తీర్చిదిద్దినట్టుంటే టై మనిషిది కాక షోకేసు బొమ్మదిలా కనిపిస్తుంది. అసలు ఈ మెడగుడ్డ మొదలైందే సైనికుల మెడలో. పదిహేడో శతాబ్దంలో యూరప్‌లో జరిగిన ముప్పై ఏళ్ల యుద్ధకాలంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన క్రొయేషియా సైనికులు చుట్టుకున్న గుడ్డ ఫ్రెంచివాళ్లకు నచ్చింది. వాళ్ల రాజు పద్నాలుగో లూయీ దాన్ని లేసుతో దర్బారు ఫ్యాషన్ చేశాడు.

బో టై ఆ గుడ్డకి ఇంకో సంతానం. ఒక కొనని మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి ఉంచి, పొట్టి కొన మీదుగా దాటించి, మెడ సందులోంచి పైకి తీయండి. పొట్టి కొనని మడిచి కాలర్ ముందు అడ్డంగా పెట్టండి, పొడుగు కొనని దాని మధ్య మీదుగా ముందువైపు కిందికి జారనివ్వండి. ఇక దాన్నీ మడిచి, మొదటి మడత వెనకున్న సందులోకి తోయాలి. కష్టమంతా ఇక్కడే. ఆ సందు కంటికి కనిపించదు, వేలితో తడిమి పట్టుకోవాలి. చేతులు అలసిపోతాయి, కంగారు పడకండి. బిగించడానికి మడతలనే లాగాలి, విడి కొనల్ని లాగితే అంతా ఊడొస్తుంది. టక్సీడోకి, అంటే రాత్రి విందులకు వేసే సూటుకి, నల్లది, వెనక తోకలున్న కోటుకి తెల్లది. హుక్కుతో తగిలించే రెడీమేడ్‌వి పిల్లలకు వదిలేయండి.

విప్పేటప్పుడు సన్న కొనని సర్రున లాగేయకుండా, కట్టిన వరసకి తిరగేసి విప్పండి. వదులుగా చుట్ట చుట్టి రాత్రంతా ఉంచితే ముడతలు చాలావరకు పోతాయి. పట్టు టై అయితే నేరుగా ఇస్త్రీపెట్టె ఆనించొద్దు, కాస్త దూరం నుంచి ఆవిరి పట్టండి.