బండి కింద పాఠాలు – 4వ భాగం: వెనక కమాన్ కట్టలు ఎంచుకోవడం

కమాన్ కట్ట అంటే ఉక్కు ప్లేట్లు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగు (లీఫ్ స్ప్రింగు). కిందటి భాగంలో పాత కట్ట పని అయిపోయిందో లేదో తేల్చుకున్నాం. వెనక చక్రం నడిమధ్య నుంచి పైన మడ్గార్డు అంచు దాకా రెండు వైపులా కొలిచి రాసిపెట్టుకోమని చెప్పాను. ఆ కాగితం ఇప్పుడు కావాలి. ఖాళీ బండి మీదే మెయిన్ ప్లేటు (అన్నిటికన్నా పైనుండే పొడవాటిది) వంపు పోయి తిన్నగా పడి ఉన్నా, ఇరుసు పైకి లేచి ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే బంపు రబ్బరు మీద కొత్తగా దెబ్బలు తగిలిన గుర్తులున్నా, ఏదైనా ప్లేటు చీలినా ఆ కట్టను వదిలేయండి. ఇవాళ కొత్తది ఎంచుకునే సంగతి.

ఈ పాఠం ముఖ్యంగా మట్టి దారుల్లో, రాళ్ళ దారుల్లో తిరిగే పికప్పుల కోసం. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ అయినా, టొయోటా హైలక్స్ అయినా, మహీంద్రా బొలెరో క్యాంపర్ అయినా వెనక ఉండేవి కమాన్ కట్టలే. బండి మారితే కొలతలు మారతాయి, ఆలోచించే తీరు మారదు.

అనంతపురంలోనో కర్నూలులోనో కట్టల షాపుకి వెళ్తే ముందు అడిగే మాట "ఎంత ఎత్తు లేపాలన్నా?" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పారంటే అక్కడే దారి తప్పినట్టు. ముందు తేలాల్సింది బరువు. అదీ ఎప్పుడో ఒకసారి వేసే పెద్ద లోడు కాదు, వెనక బాడీలో ఎన్నడూ దిగకుండా ఉండే బరువు. కట్టలు అమ్మే మంచి కంపెనీలు కూడా తమ సరుకుని ఈ లెక్కతోనే విడదీస్తాయి: ఖాళీ బండికి ఒకటి, నిత్యం 150 కిలోల దాకా ఉండే బండికి ఒకటి, నిత్యం 300 కిలోలకి, 500 కిలోలకి వేరే వేరే. అంకెలు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. "నిత్యం" అన్న మాటనే పట్టుకోండి. చాలామంది దాన్ని "గరిష్ఠం" అని చదువుకుంటారు. నెలకొకసారి అరటన్ను వేస్తాం కదా అని 500 కిలోల కట్ట ఎక్కించుకుంటారు. ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ ఖాళీ బండి గతుకుల మీద ఎగిరెగిరి పడుతుంటుంది.

మన జిల్లాల్లో పికప్పు వాడకం మూడు రకాలుగా కనిపిస్తుంది. గార్లదిన్నె వైపు చీనీ (బత్తాయి) తోటల రైతు బండి వారంలో ఎక్కువ రోజులు ఖాళీగా తిరుగుతుంది. కోత రోజుల్లో మాత్రం కాయలతో నిండుగా మార్కెట్టుకి వెళ్తుంది. ఉరవకొండ, వజ్రకరూరు దిక్కు గాలిమరల దగ్గర పనిచేసే సర్వీసు బండిలో పనిముట్ల పెట్టెలు, తాళ్ళు, వెనక బాడీ మీద బిగించిన కప్పు, రెండో స్టెప్నీ ఎప్పుడూ ఉంటాయి. మూడో రకం, సెలవు దొరికితే గండికోట వెనక దారుల్లోకి సామాను కట్టుకుని పోయే బండి. ఈ ముగ్గురూ ఒకే మోడలు బండి కొన్నా ఒకే కట్ట కొనకూడదు.

కాటా మీద

కాటాకి వెళ్ళండి. తాడిపత్రి, బేతంచెర్ల రోడ్లలో నాపరాయి లారీల కోసం కాటాలకి కొదవ లేదు. మొత్తం బండి తూకం మనకి అక్కర్లేదు. వెనక చక్రాలు రెండే కాటా పలక మీద ఉండేలా నిలబెట్టించండి. ముందు చక్రాలు పలక దాటి, అదే మట్టంలో ఉన్న నేల మీద ఉండాలి. డీజిల్ నిండుగా పోయించుకుని, నిత్యం ఉండే సామానంతా బండిలో పెట్టి ఒకసారి తూయండి. ఆ సామాను దించేసి మళ్ళీ తూయండి. రెండింటి తేడాయే మీ నిత్య బరువు. ఊహతో చెప్పే అంకె, కాటా చెప్పే అంకె ఒకటి కావడం అరుదు. ఇనుప కప్పు, పెట్టెలు, నీళ్ళ క్యాను కలిస్తే మనం అనుకున్నదానికి ఎప్పుడూ ఎక్కువే తూగుతాయి.

బస్తాల పరీక్ష

తర్వాత తెలుసుకోవాల్సింది ఇప్పుడున్న కట్ట బిగువు, అంటే ఎంత బరువు పెడితే ఎంత కుంగుతోందన్నది. దీనికి మిషన్లు అక్కర్లేదు. సిమెంటు బస్తా 50 కిలోలు. ఎర్రగుంట్లలోనూ తాడిపత్రిలోనూ దొరకని వస్తువు కాదు. నాలుగు బస్తాలు తెచ్చుకోండి.

సమతలంగా ఉన్న చోట బండి ఆపండి. ఖాళీ బాడీ అంచు మీద ఎక్కి రెండు మూడుసార్లు ఊపి దిగండి. ప్లేట్ల మధ్య రాపిడి వల్ల కట్ట ఎక్కడో ఒకచోట పట్టేసి ఆగుతుంది, ఊపకపోతే కొలత తప్పు వస్తుంది. ఇప్పుడు చక్రం నడిమధ్య నుంచి మడ్గార్డు అంచు దాకా కొలవండి. నాలుగు బస్తాలు సరిగ్గా వెనక ఇరుసు మీద పడేలా, రెండు పక్కలా రెండేసి పేర్చండి. ముందుకి జరిగితే బరువులో కొంత ముందు చక్రాల మీదికి పోతుంది, లెక్క చెడుతుంది. మళ్ళీ ఊపండి, మళ్ళీ కొలవండి. బస్తాలు దించి మరోసారి. ఎక్కించినప్పటి తేడా, దించినప్పటి తేడా కలిపి సగం చేసి వేసుకోండి.

ఉదాహరణకి 200 కిలోలకి 40 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. మిల్లీమీటరుకి 5 కిలోలు. రెండు కట్టలున్నాయి కాబట్టి ఒక్కో కట్ట బిగువు మిల్లీమీటరుకి 2.5 కిలోలు. కాటా మీద తేలిన నిత్య బరువు 220 కిలోలు అనుకుంటే, ఆ సామానుకే బండి 44 మిల్లీమీటర్లు దిగిపోతుంది. ఖాళీ బండికి బంపు రబ్బరు దాకా 75 మిల్లీమీటర్ల జాగా ఉంటే, దారి మొదలుపెట్టకముందే సగానికి పైగా అయిపోయింది. మిగిలిన 31 మిల్లీమీటర్లతో వంకలో రాళ్ళు దాటాలి. రబ్బరు మీద దెబ్బలు ఎందుకు పడుతున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇదే బండికి ఒక్కోటి 3.5 బిగువుండి, ఖాళీగా 40 మిల్లీమీటర్లు ఎత్తు నిలబడే కట్టలు వేశామనుకోండి. 220 కిలోలకి కుంగేది 31. అంటే సామానుతో కూడా పాత ఖాళీ ఎత్తు కంటే 9 మిల్లీమీటర్లు పైనే ఉంటుంది, రబ్బరు దాకా 84 మిల్లీమీటర్ల జాగా దొరుకుతుంది. గాలిమరల బండికి సరిపోయే కట్ట ఇది. చీనీ రైతు వేసుకుంటే మాత్రం ఖాళీగా వెళ్ళేటప్పుడు వెనక చక్రాలు నేలను సరిగా పట్టవు. కంకర దారిలో బ్రేకు కొడితే తోక పక్కకి జారుతుంది.

రైతుకి కావాల్సింది రెండు దశల కట్ట. పైన పలుచని ప్లేట్లు కొన్ని, అడుగున కొంచెం ఎడంగా ఒక మందపాటి హెల్పరు ప్లేటు. ఖాళీగా ఉన్నప్పుడు హెల్పరు ఎవరి జోలికీ పోదు. లోడు పడి పై ప్లేట్లు తిన్నబడ్డాక అది అందుకుంటుంది. కొనేటప్పుడు ఆ ఎడం ఎంతో చూడండి. కొన్ని కట్టల్లో హెల్పరు మొదట్నుంచీ అంటుకునే ఉంటుంది. అప్పుడది హెల్పరు కాదు, ఇంకో మామూలు ప్లేటే. బస్తాల పరీక్షలో కూడా హెల్పరు అంటుకుందా అని కిందికి వంగి చూసుకోండి. అంటుకుంటే మీకొచ్చిన అంకె రెండు దశలూ కలిసిన అంకె.

ప్లేట్ల సంఖ్య చూసి మోసపోవద్దు

"ఇది ఏడు ప్లేట్ల కట్ట సార్, దానికి అయిదే" అంటారు. ప్లేట్లు లెక్కపెట్టి బలం చెప్పలేం. ప్లేటు బిగువు దాని వెడల్పుతో పాటు అదే పాళ్ళలో పెరుగుతుంది. మందంతో మాత్రం ఘనం లెక్కన పెరుగుతుంది. 7 మిల్లీమీటర్ల ప్లేటు బదులు అదే పొడవు, అదే వెడల్పులో 8 మిల్లీమీటర్లది వేస్తే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఒక్క మిల్లీమీటరుకి ఇంత తేడా. పొడవు దీనికి ఎదురు: కట్ట పొడుగయ్యేకొద్దీ మెత్తబడుతుంది, అదీ ఘనం లెక్కనే. కాబట్టి షాపుకి వెళ్ళేటప్పుడు వెర్నియర్ తీసుకెళ్ళి ప్రతి ప్లేటు మందమూ కొలవండి, సిగ్గుపడొద్దు.

రాళ్ళ దారికి నేను పలుచని ప్లేట్లు ఎక్కువున్న కట్టనే ఎంచుతాను. అంతే వంగినా మందపాటిదాని కంటే పలుచని ప్లేటు మీద ఒత్తిడి తక్కువ, ఎక్కువ కాలం బతుకుతుంది. దీనికో ఇబ్బంది ఉంది, ప్లేట్ల మధ్య రాపిడి. నాపరాళ్ళ క్వారీ దుమ్ము ఆ సందుల్లో చేరితే ఆకురాయి పెట్టి అరగదీసినట్టే. అందుకే ప్లేటు కొనలు దగ్గరగా చూడాలి. కత్తెర వేసి చతురస్రంగా కోసి వదిలేసిన కొన తన పై ప్లేటు అడుగుని గీరి గాడి పెడుతుంది. పాత కట్ట విప్పినప్పుడు మెయిన్ ప్లేటు అడుగున బొటనవేలి గోరు పెట్టి లాగండి, రెండో ప్లేటు కొన ఆనే చోట గోరు తట్టుకుంటుంది. మంచి కట్టలో కొనలు పలుచబడేలా సాగదీసి ఉంటాయి, వాటి మీద నైలాన్ బిళ్ళ కూడా ఉంటుంది. నాకైతే పెయింటు మెరుపు కంటే ఈ కొనలే ఎక్కువ నమ్మకం ఇస్తాయి.

ఇంకొకటి తప్పనిసరిగా చూడండి. మెయిన్ ప్లేటు కన్ను (బోల్టు దూరేలా గుండ్రంగా చుట్టిన కొన) చుట్టూ రెండో ప్లేటు కూడా తిరిగి ఉండాలి. కమాన్ కట్ట బరువు మోయడమే కాదు, ఇరుసుని దాని స్థానంలో పట్టి ఉంచేది కూడా అదే. ముందు కన్ను దగ్గర మెయిన్ ప్లేటు విరిగితే ఇరుసు వెనక్కి జరిగి, ఇంజను తిప్పుడుని ఇరుసుకి అందించే ప్రొపెల్లర్ షాఫ్టుని లాగేస్తుంది. రెండో చుట్టు ఉంటే నెమ్మదిగా ఊరు చేరుకోవచ్చు. మనుషులు దొరకని దారుల్లో తిరిగేవాళ్ళు దీని కోసం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

"ఇంగో ప్లేటు ఎక్కిచ్చేద్దాం లేన్నా"

ఈ మాట ప్రతి కట్టల షాపులోనూ వినిపిస్తుంది. మంచి కట్టకి, కాస్త బరువు పెరిగింది కాబట్టి, పొడవైన ప్లేటు ఒకటి కలిపితే తప్పులేదు. కుంగిపోయిన కట్టకి కలిపితే మాత్రం పాత ప్లేట్లు పని మానేసి ఉంటాయి కాబట్టి భారమంతా కొత్తదాని మీదే పడుతుంది. పొట్టి ప్లేటైతే ఇంకా ప్రమాదం. దాని కొన ముగిసే చోటే పై ప్లేటు మడత పడుతూ పడుతూ అక్కడే విరుగుతుంది.

కొలిమిలో కాల్చి వంపు తిరిగి కొట్టించడం కూడా అలాంటిదే. ఎర్రగా కాల్చిన స్ప్రింగు ఉక్కుని నూనెలో ముంచి గట్టిపరచాలి, తర్వాత తగిన వేడిలో మళ్ళీ పదును సరిచేయాలి. ఈ రెండూ కొలత ప్రకారం జరగకపోతే వంపు కొన్నాళ్ళకే దిగిపోతుంది, లేదా ప్లేటు పెళుసెక్కి పుటుక్కుమంటుంది. పైగా బరువు పడ్డప్పుడు ప్లేటు పై ముఖం లాగుడుకి గురవుతుంది. సుత్తి గంటు, గ్రైండరు గీత, వెల్డింగు చుక్క ఏదైనా ఆ ముఖం మీద ఉంటే చీలిక అక్కడే పుడుతుంది. గుజిరీలో దొరికే పాత కట్టల విషయంలోనూ నా అభ్యంతరం ఇదే. అది ఏ లారీ కింద ఎంత నలిగిందో ఉక్కు పైకి చెప్పదు.

ఎత్తు గురించి ఇప్పుడు

బరువు లెక్క తేలాక ఎత్తు మాట్లాడుకోవచ్చు. 40 నుంచి 50 మిల్లీమీటర్లు దాటొద్దని నా సలహా. అంతకు మించితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి జాయింట్లు కొట్టుకుంటాయి. ఇరుసు కిందికి వేలాడినప్పుడు బ్రేకు హోసు లాగబడుతుంది, షాకబ్జరు పొడవు చాలదు. వెనక బ్రేకుకి లోడుని బట్టి ఒత్తిడి మార్చే వాల్వు ఉన్న బండ్లలో, ఎత్తు పెరిగితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. దాని కడ్డీ సరిచేయించాలి. పొడవు షాకిళ్ళు (కట్ట వెనక కన్నుని ఛాసిస్‌కి కలిపే ఊగే పట్టీలు) వేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. షాకిలు 50 మిల్లీమీటర్లు పెంచితే బండి లేచేది దాదాపు 25 మాత్రమే, పైగా ఇరుసు కోణం తిరుగుతుంది. కుంగిన కట్టకి అది మందు కాదు.

గట్టి కట్టలు వేసినంత మాత్రాన ఆర్సీలో ఉన్న మొత్తం బరువు పరిమితి పెరగదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు పాతవే కదా. ఆర్సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు.

షాపుకి తీసుకెళ్ళాల్సిన కొలతలు

కన్ను నుంచి కన్నుకి మొత్తం పొడవొక్కటే చెబితే చాలదు. చాలా పికప్పుల్లో సెంటర్ బోల్టు (ప్లేట్లన్నిటినీ కలిపి గుచ్చి పట్టే బోల్టు) నడిమధ్యలో ఉండదు. ముందు కన్ను నుంచి సెంటర్ బోల్టు దాకా, అక్కడి నుంచి వెనక కన్ను దాకా విడివిడిగా కొలవండి. ఈ తేడా చూసుకోకుండా తెచ్చిన కట్ట బిగిస్తే చక్రం బాడీ గూట్లో ముందుకో వెనక్కో జరిగి టైరు తగులుతుంది. ప్లేటు వెడల్పు, రెండు కళ్ళ బుష్షుల లోపలి బయటి కొలతలు, సెంటర్ బోల్టు తల వ్యాసం రాసుకోండి. కొత్త కట్ట మొత్తం మందం పెరిగితే కట్టను ఇరుసుకి బిగించే పాత యూ బోల్టులు పొట్టిగా పడతాయి. ఎలాగూ పాతవి మళ్ళీ వాడకూడదు, ఒకసారి సాగిన బోల్టు మళ్ళీ బిగువు నిలపదు. యూ బోల్టులు, బుష్షులు, సెంటర్ బోల్టు కట్టతో పాటే కొనేయండి. కట్టలు ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒక వైపే విరిగినా సరే, ఒక్కటే మారిస్తే బండి ఒక పక్కకి ఒరుగుతుంది.

వచ్చే భాగంలో బిగింపు: జాకీ ఎక్కడ పెట్టాలి, ఇరుసు జారకుండా ఎలా నిలపాలి, బుష్షు బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఎందుకు బిగించాలి అన్నవి. దానికి ముందు మీ కాటా చీటీల్లోని రెండు అంకెలు, బస్తాల పరీక్షలో కుంగిన కొలత, హెల్పరు ప్లేటు ఎడం ఒకే కాగితం మీద రాసి, పాత కట్ట కొలతల పక్కన పెట్టుకోండి.